ఫిట్స్ మెదడులో ఒకచోట మొదలై మిగతా చోట్లకు ఎలా పాకుతాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

నేను గోదావరి డెల్టాలోని ఒక టౌన్లో ఈఈజీ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. ఈఈజీ అంటే మెదడులోని విద్యుత్ సంకేతాల్ని గీతలుగా నమోదు చేసే పరీక్ష. భీమవరం, పాలకొల్లు, నర్సాపురం వైపు నుంచి, రేవు దాటి కోనసీమ లంకల నుంచి కూడా పేషెంట్లు వస్తుంటారు. తలకి ఎలక్ట్రోడ్లు అతికిస్తున్నంతసేపూ ఇంట్లోవాళ్లు ఏదో ఒకటి అడుగుతూనే ఉంటారు. ఆ ప్రశ్నలే ఇక్కడ రాశాను. ఎక్కువమంది "ఎందుకొచ్చాయండీ?" అంటారు. దాంతోపాటు "ఎక్కడ మొదలై ఎటు వెళ్లాయి?" అని కూడా అడగాలని నా కోరిక. ఏ మందు రాయాలి, స్కాన్‌లో ఎక్కడ వెతకాలి, ఆపరేషన్‌కి వీలుందా అనేవన్నీ ఆ జవాబు మీదే ఆధారపడతాయి. ఆ జవాబులో చాలా భాగం మీ ఇంట్లోనే, ఫిట్స్ మొదలైన మొదటి కొన్ని సెకన్లలోనే దొరుకుతుంది. మందు మార్చడం, ఆపడం మాత్రం మీ డాక్టర్‌గారిని అడిగే చెయ్యండి.

ఫిట్స్ వచ్చినప్పుడు మెదడులో అసలేం జరుగుతుందండీ?

మన మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలున్నాయి. వీటినే న్యూరాన్లు అంటారు. ఇవి చిన్న విద్యుత్ సంకేతాలతో, రసాయనాలతో ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. గ్లుటమేట్ అనే రసాయనం పక్క న్యూరాన్‌ని ఉత్తేజపరుస్తుంది. గాబా అనే రసాయనం దాన్ని అణిచి ఉంచుతుంది. మామూలుగా ఈ రెండూ సమానంగా ఉంటాయి, న్యూరాన్లు ఎవరి పని వాళ్లు ఎవరి సమయంలో వాళ్లు చేసుకుంటాయి. ఫిట్స్ వచ్చినప్పుడు ఒకచోట వేల వేల న్యూరాన్లు కట్టకట్టుకుని ఒకేసారి, ఎడతెరిపి లేకుండా సంకేతాలు వదులుతాయి.

ఈ సంగతిని మొదట స్పష్టంగా చెప్పినవాడు లండన్ డాక్టర్ జాన్ హ్యూలింగ్స్ జాక్సన్. మెదడులోని బూడిదరంగు పదార్థంలో ఒకచోట ఉన్నట్టుండి, అతిగా, వేగంగా జరిగే విడుదలే మూర్ఛ అని ఆయన 1873లోనే రాశాడు. అప్పటికి ఈఈజీ లేదు. జర్మనీలో హాన్స్ బెర్గర్ మనిషి మెదడు నుంచి మొదటి ఈఈజీ తీసింది 1924లో. అంటే జాక్సన్ యంత్రమేదీ లేకుండా, పేషెంట్లను కళ్లతో చూసి, ఇంట్లోవాళ్లు చెప్పింది శ్రద్ధగా విని ఆ మాట అన్నాడు. ఇంట్లోవాళ్ల మాటకి నేను ఇంత విలువివ్వడానికి అదొక కారణం.

ఇది ఒకరి నుంచి ఇంకొకరికి పాకుతుందా?

పాకదు. ఫిట్స్ వచ్చిన మనిషిని పట్టుకున్నా, నురగ తగిలినా, ఒకే కంచంలో తిన్నా అంటుకోదు. ఈ పేజీలో "పాకడం" అని ఎక్కడ రాసినా అది ఒకే మనిషి మెదడు లోపల జరిగేదే.

ఒకచోట మొదలైనది అక్కడే ఎందుకు ఆగిపోదు?

చాలాసార్లు ఆగిపోతుంది. మీకు తెలియకుండానే ఆగిపోతుంది కూడా. ఆగనిది ఎందుకు ఆగదో చెప్పడానికి మన పొలంగట్టు కంటే మంచి పోలిక నాకు దొరకలేదు. ఒక చేలో నీళ్లు నిండితే గట్టు ఆపుతుంది. నీరు ఇంకా వచ్చి పడుతుంటే గట్టు నాని, ఎక్కడో గండి పడుతుంది. నీళ్లు పక్కచేలోకి దిగుతాయి, అది నిండితే దాని గట్టు మీద ఒత్తిడి మొదలవుతుంది. మెదడులో ఆ గట్టు పని చేసేవి గాబాని వదిలే న్యూరాన్లు. ఫిట్స్ మొదలైన చోటు చుట్టూ ఇవి చాలా గట్టిగా పనిచేస్తాయి. పక్క న్యూరాన్లకి ఉత్తేజం అందుతూనే ఉంటుంది, కానీ అణిచే సంకేతం కూడా అంతే బలంగా అందడంతో అవి రెచ్చిపోవు.

ఆ అణిచే శక్తి తగ్గడానికి మూడు కారణాలు బాగా తెలుసు. ఒకటి, న్యూరాన్లు అదేపనిగా పనిచేస్తుంటే వాటిలోని పొటాషియం బయటికొచ్చి కణాల చుట్టూ పేరుకుంటుంది. అప్పుడు చుట్టుపక్కల న్యూరాన్లన్నీ కాస్త తాకితే చాలు స్పందించే స్థితికి వస్తాయి. రెండు, గాబా పనిచేసిన ప్రతిసారీ కణంలోకి క్లోరైడ్ వెళ్తుంది. అది లోపల ఎక్కువైపోతే గాబా అణచలేదు సరికదా, ఒక్కోసారి ఉత్తేజపరుస్తుంది కూడా. మూడు, అణిచే న్యూరాన్లే అతిగా ఉత్తేజితమై, సంకేతం పంపలేక స్తంభించిపోతాయి. ఈ మూడూ కలిస్తే ఫిట్స్ సరిహద్దు ముందుకు జరుగుతుంది.

ఒక్క జాగ్రత్త. మెదడులో ఒకచోటి నుంచి ఇంకోచోటికి ప్రవహించేది ఏమీ లేదు. ఫిట్స్ మొదలైన చోటి న్యూరాన్లు పక్కవాటిని రెచ్చగొడతాయి. ఆ పక్కవి తమ సొంత శక్తితోనే రెచ్చిపోతాయి. అందుకే పక్క భాగం ఎంత సిద్ధంగా ఉందన్నది కూడా ముఖ్యం. నిద్ర లేకపోయినా, జ్వరమొచ్చినా, మందు మిస్సయినా అది త్వరగా లొంగిపోతుంది.

అయితే దూరంగా ఉన్న భాగాలకి ఎలా వెళ్తుంది?

మెదడు పైపొర కింద తెల్లని నరాల కట్టలుంటాయి. కొన్ని పక్కపక్క మడతలను కలిపే పొట్టివి. కొన్ని కణత దగ్గరి టెంపోరల్ లోబ్‌ని నుదుటి వెనకున్న ఫ్రంటల్ లోబ్‌తో కలిపే పొడవాటివి. కుడి, ఎడమ అర్ధభాగాలను కలిపేది కార్పస్ కలోసమ్. ఒక్క దానిలోనే సుమారు 20 కోట్ల నరపోగులుంటాయి. వీటికి తోడు లోపల థాలమస్ ఉంది. పైపొరలోని దాదాపు ప్రతి భాగంతోనూ దానికి రాకపోకలున్నాయి. ఫిట్స్ ఈ దారులన్నింటినీ వాడుకుంటాయి.

కాబట్టి దగ్గరున్న భాగానికే ముందు వెళ్లాలని లేదు, గట్టి సంబంధం ఉన్న భాగానికి వెళ్తాయి. దీనివల్ల రెండు విషయాలు ఇంట్లోవాళ్లని తికమకపెడతాయి. ఒకే మనిషికి రెండు రకాల ఫిట్స్ కనిపించొచ్చు. ఉదాహరణకి తల వెనక భాగంలో, చూపుకి సంబంధించిన చోట మొదలైతే ముందు రంగురంగుల గుండ్రటి వెలుగులు కనిపిస్తాయి. అక్కడి నుంచి కింది దారిలో టెంపోరల్ లోబ్‌కి వెళ్తే మనిషి చూస్తూ ఉండిపోయి పెదాలు చప్పరిస్తాడు. పైదారిలో ముందుకి వెళ్తే చెయ్యి కొట్టుకుంటుంది. రెండు జబ్బులు కావవి, మొదలు ఒకటే.

రెండోది ఇంకా ముఖ్యం. మొదలైన చోటు ఏ సూచనా ఇవ్వని భాగమైతే, అక్కడ ఫిట్స్ ఉన్నా బయటికి ఏమీ కనిపించదు. అది పాకి, మాటనో చేతినో చూపునో నడిపించే భాగాన్ని చేరినప్పుడే మనకి తెలుస్తుంది. మనం "మొదలు" అనుకున్నది అప్పటికే రెండో చోటు కావచ్చు. ఆపరేషన్ గురించి ఆలోచించే డాక్టర్లు ఇంత లోతుగా పరీక్షలు చేసేది ఇందుకే.

ఎంత వేగంగా పాకుతుంది?

పైపొరలో పక్కపక్కకు జరిగే సరిహద్దు చాలా నెమ్మది, సెకనుకి సుమారు ఒక మిల్లీమీటరు. న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీ పరిశోధకులు ఆపరేషన్ కోసం వచ్చిన పేషెంట్ల మెదడు మీద 4 మిల్లీమీటర్ల చదరంలో 96 సన్నని ఎలక్ట్రోడ్లున్న పరికరం పెట్టి, ఈ సరిహద్దు జరగడాన్ని నేరుగా నమోదు చేశారు. ఆ ఫలితాలు 2012లో వచ్చాయి. సరిహద్దు ఇంకా చేరని చోట న్యూరాన్లు దాదాపు మామూలుగానే పనిచేస్తున్నాయని, అణిచే శక్తి అక్కడ నిలబడే ఉందని అందులో కనిపించింది.

పొడవాటి నరాల దారిలో సంకేతం అవతలి వైపుకి చేరడానికి సెకనులో చిన్న భాగం చాలు. అయినా ఫిట్స్ అవతలి వైపు స్థిరపడడానికి కొన్ని సెకన్లు, ఒక్కోసారి అరనిమిషం పైనే పడుతుంది. అవతలి భాగం ఎదిరిస్తుంది కాబట్టి ఆ ఆలస్యం.

పార్శ్వపు నొప్పికి, అంటే మైగ్రేన్‌కి, ముందు కనిపించే వెలుగుల్ని ఫిట్స్ అని కంగారుపడి వచ్చేవాళ్లూ ఉన్నారు. మైగ్రేన్‌లో మెదడు మీద పాకే అల నిమిషానికి 3 మిల్లీమీటర్ల చొప్పున కదులుతుంది. అందుకే ఆ వంకరటింకర గీతలు ఇరవై నిమిషాల వరకు కంటి ముందు నెమ్మదిగా పెద్దవవుతాయి. ఫిట్స్ వెలుగులు సాధారణంగా సెకన్లలో వచ్చి రెండు మూడు నిమిషాల్లో పోతాయి. ఎంతసేపు ఉన్నాయో గడియారం చూసి చెప్తే డాక్టర్‌గారి పని చాలా తేలికవుతుంది.

మా నాన్నగారికి ముందు కుడి బొటనవేలు కొట్టుకుంటుంది, తర్వాత చెయ్యంతా, తర్వాత మూతి వంకర పోతుంది. వేలికీ మూతికీ ఏంటండీ సంబంధం?

ఒంట్లో దూరమే, మెదడులో మాత్రం పక్కపక్కనే. కదలికల్ని నడిపే పైపొర ఒక పట్టీలాగా నడినెత్తి నుంచి చెవి వైపుకి దిగుతుంది. అందులో పై నుంచి వరసగా పాదం, కాలు, నడుము, భుజం, మోచెయ్యి, మణికట్టు, వేళ్లు, బొటనవేలు, దాని కిందే ముఖం ఉంటాయి. మాంట్రియల్‌లో వైల్డర్ పెన్‌ఫీల్డ్, మెలకువగా ఉన్న పేషెంట్ల మెదడు మీద చిన్న కరెంటు పెట్టి చూసి ఈ వరసని 1937లో ప్రచురించాడు. వేళ్లకీ ముఖానికీ అందులో చాలా ఎక్కువ చోటుంటుంది.

మీ నాన్నగారికి బొటనవేలి చోట మొదలవుతోంది. అక్కడి నుంచి ఒక వైపుకి పాకితే మణికట్టు, మోచెయ్యి, భుజం. ఇంకో వైపుకి పాకితే మూతి. కుడి చెయ్యిని నడిపేది ఎడమ మెదడు కాబట్టి, మొదలు ఎడమ వైపు ఉందని పరీక్షలేవీ లేకుండానే చెప్పొచ్చు. ఈ రకాన్ని ఇప్పటికీ జాక్సన్ పేరుతోనే పిలుస్తారు. ఆయన భార్య ఎలిజబెత్‌కి కూడా ఇలాంటి ఫిట్స్ వచ్చేవని చెబుతారు. పెద్దవయసులో ఇది కొత్తగా మొదలైతే స్కాన్ తప్పనిసరి. వాయిదా వెయ్యకండి.

మా అమ్మాయి "కడుపులోంచి ఏదో పైకొస్తోందమ్మా" అంటుంది, తర్వాత పిలిచినా పలకదు. కడుపు డాక్టర్‌కి చూపించాం.

చాలామంది ముందు అక్కడికే వెళ్తారు. కానీ పొట్టలోంచి గొంతు వైపు ఏదో పాకినట్టుండడం, కారణం లేని భయం, ఈ క్షణం ఇంతకుముందు కూడా జరిగిందన్న భ్రమ, లేని వాసన రావడం, ఇవన్నీ టెంపోరల్ లోబ్‌లో మొదలయ్యే ఫిట్స్‌కి బాగా తెలిసిన సూచనలు. దీన్ని "ఫిట్స్ రాబోయే ముందు సూచన" అంటారు గానీ, నిజానికి అప్పటికే వచ్చేశాయి. చిన్న చోటులో ఉన్నాయి, ఇంకా పాకలేదు, అంతే.

ఈఈజీ నడుస్తుండగానే ఇలా జరిగిన ఒక పాపని చూశాను. ముందు ఎడమ కణత మీది రెండు మూడు గీతల్లో సెకనుకి ఐదారు చొప్పున అలలు మొదలయ్యాయి. మిగతా గీతలన్నీ మామూలుగానే ఉన్నాయి. పాప "అమ్మా" అని తల తిప్పి చూసింది, ఆ మాట బాగానే వచ్చింది. మెల్లగా అలలు పెద్దవై పక్క గీతల్లోకి వచ్చాయి. వాళ్లమ్మ పేరుపెట్టి పిలిచినా జవాబు లేదు. పెదాలు చప్పరించడం మొదలుపెట్టింది. ఎడమచేత్తో చున్నీ అంచుని నలుపుతోంది. కుడిచెయ్యి మాత్రం మణికట్టు దగ్గర వంకర తిరిగి బిగుసుకుంది. నలిపే చెయ్యి సాధారణంగా ఫిట్స్ మొదలైన వైపే ఉంటుంది, బిగుసుకునే చెయ్యి దానికి ఎదురు వైపు. ఇంట్లో మీరు ఈ ఒక్క తేడా చూసి చెప్పగలిగితే, అది గొప్ప సాక్ష్యం.

ఒకవైపే ఉన్నప్పుడు కూడా స్పృహ ఎందుకు పోతుంది?

మనల్ని మెలకువగా ఉంచే వ్యవస్థ మెదడు మధ్యలో, మెదడు కాండంలో, థాలమస్‌లో ఉంటుంది. టెంపోరల్ లోబ్ ఫిట్స్ లోపలి భాగాలకి పాకినప్పుడు ఆ వ్యవస్థ అణిగిపోతుంది. అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో హాల్ బ్లూమెన్‌ఫెల్డ్ బృందం చూపించింది ఇదే. ఆ సమయంలో ఫ్రంటల్ లోబ్‌లో ఫిట్స్ ఉండవు, గాఢనిద్రలో ఉన్నప్పటిలాంటి నెమ్మది అలలుంటాయి. అందుకే మనిషి కళ్లు తెరిచే ఉంటాడు, పలకడు, తర్వాత ఏమీ గుర్తుండదు. మొండితనం కాదది. దయచేసి అలాంటప్పుడు పిల్లల్ని చెంపమీద కొట్టకండి.

కార్పస్ కలోసమ్ మీదుగా, థాలమస్ మీదుగా రెండు వైపులకీ పాకితే ఒళ్లంతా బిగుసుకుని, తర్వాత కొట్టుకునే పెద్ద ఫిట్స్ అవుతాయి. తల, కళ్లు బలవంతంగా ఒక పక్కకి తిరిగిపోవడం చాలాసార్లు ఆ దాటే క్షణానికి గుర్తు. తల కుడికి తిరిగితే మొదలు ఎడమ వైపు అయ్యే అవకాశం ఎక్కువ.

రాత్రి నిద్రలో లేచి కేకలు పెట్టి, కాళ్లు తన్నుకుంటున్నాడు. గాలి సోకిందని తాయెత్తు కట్టించారు.

ఫ్రంటల్ లోబ్‌లో మొదలయ్యే ఫిట్స్ చాలా భాగం నిద్రలోనే వస్తాయి. ఉన్నట్టుండి మొదలై, అరనిమిషంలో ఆగిపోతాయి. సైకిల్ తొక్కినట్టు కాళ్లాడించడం, అరవడం ఉంటుంది. ఒకే రాత్రి నాలుగైదుసార్లు రావచ్చు. ప్రతిసారీ అచ్చం ఒకేలా ఉంటే ఫిట్స్ అని గట్టిగా అనుమానించాలి. తాయెత్తు కట్టుకుంటే కట్టుకోండి, అది మీ నమ్మకం. దానికోసం మాత్ర ఆపడం, డాక్టర్ దగ్గరికి వెళ్లడం వాయిదా వెయ్యడం మాత్రం వద్దు.

చేతిలో తాళాల గుత్తి పెడితే ఆగిపోతున్నాయి కదా? ఉల్లిపాయ వాసన చూపిస్తే?

పెద్ద ఫిట్స్ చాలావరకు రెండు మూడు నిమిషాల్లో వాటంతట అవే ఆగుతాయి. తాళాలు వెతికి తెచ్చేసరికి ఆ సమయం అయిపోతుంది. అంతే.

అయితే ఫిట్స్ ఇంకా చిన్న చోటులో ఉన్నప్పుడు, బయటి నుంచి వచ్చే బలమైన స్పర్శగానీ వాసనగానీ అవి పాకకుండా ఆపిన సందర్భాలు వైద్యంలో నమోదయ్యాయి. కొట్టుకుంటున్న చేతి పైభాగాన్ని గట్టిగా బిగించి ఆపడం పాత డాక్టర్లకి తెలుసు. 1950ల్లో రాబర్ట్ ఎఫ్రాన్ అనే న్యూరాలజిస్టు, లేని వాసనతో మొదలయ్యే ఫిట్స్ ఉన్న ఒక పేషెంట్‌కి మల్లెల వాసనతో వాటిని ఆపడం నేర్పాడు. ఆ దశలో చుట్టుపక్కల న్యూరాన్లు వేరే పనిలో ఉంటే ఫిట్స్‌కి లొంగవు. అది మనిషి స్పృహలో ఉన్నప్పటి సంగతి. రెండు వైపులా పాకాక మల్లెపువ్వూ పనిచెయ్యదు, ఇనుమూ పనిచెయ్యదు. పళ్లమధ్య చెంచా పెడితే పన్ను విరిగి గొంతులోకి పోతుంది.

చెయ్యాల్సింది ఇది. పక్కకి తిప్పి పడుకోబెట్టండి, తలకింద మెత్తగా ఏదైనా పెట్టండి, మెడదగ్గర గుండీలు విప్పండి, టైమ్ చూడండి. అయిదు నిమిషాలు దాటినా, ఒకదాని వెంట ఒకటి వస్తున్నా 108కి ఫోన్ చెయ్యండి. డాక్టర్ ముందే రాసిచ్చి ఉంటే ముక్కులో కొట్టే మిడాజొలామ్ స్ప్రే వాడండి.

ఫిట్స్ అన్నీ ఇలా ఒకచోట మొదలై పాకేవేనా?

కాదు. కొన్ని రకాల్లో మొదటి క్షణం నుంచే రెండు వైపులా కనిపిస్తాయి. బడిలో పాఠం చదువుతూ పది సెకన్లు ఆగిపోయి, మళ్లీ అక్కడి నుంచే చదివే పిల్లల్లో ఈఈజీ నిండా సెకనుకి మూడు చొప్పున అలలు, ముళ్లలాంటి మొనదేలిన గీతలు వస్తాయి. పైపొరకీ థాలమస్‌కీ మధ్య తిరిగే లయ అది. పొద్దున్నే లేచాక చేతులు ఉలిక్కిపడి టీ గ్లాసు జారిపోయే కుర్రాళ్లది కూడా ఈ కోవే.

ఇక్కడా ఒక ఆసక్తికరమైన విషయం బయటపడింది. ఇలాంటి ఫిట్స్ పుట్టుకతో వచ్చే ఒక జాతి ఎలుకల మీద నెదర్లాండ్స్ పరిశోధకులు 2002లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, అంతటా ఒకేసారి వచ్చినట్టు కనిపించినా, మూతి చుట్టూ స్పర్శ తెలిసే పైపొరలోని ఒక చిన్న చోటు మిగతావాటి కంటే ముందుంటుంది. తర్వాత అతి వేగంగా అంతటా అందుకుంటుంది.

ఈ తేడా మందుల షాపు దగ్గర చాలా ముఖ్యం. ఒకచోట మొదలయ్యే ఫిట్స్‌కి బాగా పనిచేసే కార్బమజెపైన్, ఈ రెండో రకాన్ని ఎక్కువ చెయ్యగలదు. పక్కింటివాళ్ల మాత్ర మీ పిల్లాడికి వెయ్యకండి.

మాత్రలు ఫిట్స్ పుట్టకుండా ఆపుతాయా, పాకకుండా ఆపుతాయా?

చాలా పాత మందుల బలం పాకకుండా ఆపడంలోనే ఉంది. ఫెనిటోయిన్‌నే తీసుకోండి. 1938లో మెరిట్, పట్నం అనే డాక్టర్లు దాని ఉపయోగాన్ని ప్రచురించారు. మామూలుగా పనిచేస్తున్న న్యూరాన్లని పెద్దగా కదిలించకుండా, అదేపనిగా సంకేతాలు వదిలే న్యూరాన్ల సోడియం ద్వారాలని మూసేస్తుంది. కార్బమజెపైన్‌దీ అదే తీరు. క్లోబజామ్, ఫినోబార్బిటోన్ గాబా శక్తిని పెంచుతాయి. లెవిటిరాసెటామ్ న్యూరాన్ చివర్లలో రసాయనం విడుదలయ్యే చోట పనిచేస్తుంది.

అందుకే మాత్రలు వాడుతున్నా కొందరికి కడుపులో ఆ పైకొచ్చే భావన మిగిలిపోతుంది, పెద్ద ఫిట్స్ రావు. మందు సగం పని చేసిందన్నమాట. "చిన్నదేలే" అని డాక్టర్‌కి చెప్పకుండా ఉండకండి, అది కూడా ఫిట్సే. గ్లాస్గోలో కొత్తగా వైద్యం మొదలుపెట్టిన పేషెంట్ల మీద 2000లో వచ్చిన అధ్యయనంలో 47 శాతం మందికి మొదటి మందుతోనే ఫిట్స్ ఆగాయి, ఇంకో 13 శాతానికి రెండో మందుతో. సరిగ్గా ఎంచుకున్న రెండు మందులు సరైన మోతాదులో వాడినా ఆగకపోతే, మూడో నాలుగో మాత్ర కలుపుకుంటూ ఏళ్లు గడపకుండా పెద్ద సెంటర్‌కి పంపమని అడగండి.

స్కాన్‌లో "మెదడులో పురుగు" అన్నారు. మేం మాంసమే ముట్టం.

పంది బద్దెపురుగు మనిషి పేగుల్లో ఉండి పెట్టే గుడ్లు మలం ద్వారా నీళ్లలోకి, ఆకుకూరల్లోకి చేరతాయి. అలా మన కడుపులోకి వెళ్లి, మెదడులో చిన్న తిత్తులుగా మారతాయి. కాబట్టి శాకాహారులకీ వస్తుంది. కాలవ నీళ్లతో కడిగిన కూరలు, భోజనానికి ముందు కడగని చేతులు చాలు. తిత్తి చుట్టూ వచ్చే వాపు అక్కడి న్యూరాన్లని రెచ్చగొడుతుంది, ఫిట్స్ అక్కడ మొదలై పైన చెప్పిన దారుల్లోనే పాకుతాయి. వైద్యం ఉంది, ఎక్కువమంది బాగవుతారు. పురుగుల మందు ఆల్బెండజోల్‌ని మాత్రం సొంతంగా మింగకండి. తిత్తి చచ్చేటప్పుడు వాపు పెరుగుతుంది కాబట్టి డాక్టర్లు దానికి ముందు, దానితోపాటు వేరే మందులిస్తారు.

ఎలా ఆగుతాయి? ఆగాక చెయ్యి పడిపోయింది, పక్షవాతమా?

ఫిట్స్ నడుస్తుండగానే మెదడులో అడినోసిన్ అనే పదార్థం పెరుగుతుంది, ఆమ్లం పెరుగుతుంది, న్యూరాన్లు అలిసిపోతాయి. విశేషమేంటంటే, వేర్వేరు సమయాల్లో అంటుకున్న భాగాలు కూడా చాలాసార్లు ఒకేసారి ఆగిపోతాయి. ఈఈజీలో అప్పటిదాకా ఎగిసిన గీతలన్నీ ఒక్క క్షణంలో చదునైపోతాయి. తర్వాత మత్తు, తికమక, నిద్ర.

ఆగాక ఒక చెయ్యిగానీ కాలుగానీ కాసేపు బలహీనపడడాన్ని, 19వ శతాబ్దపు లండన్ డాక్టర్ రాబర్ట్ బెంట్లీ టాడ్ పేరుతో టాడ్ పక్షవాతం అంటారు. సాధారణంగా కొన్ని నిమిషాల నుంచి ఒకటి రెండు రోజుల్లో పూర్తిగా పోతుంది. ఏ వైపు బలహీనపడిందో చెప్పండి, మొదలు దానికి ఎదురు వైపు. మొదటిసారి అయితే మాత్రం నిజమైన పక్షవాతం కాదని తేలేదాకా ఎమర్జెన్సీగానే చూడాలి.

చేపల చెరువు మీద పని మా వాడిది. మానెయ్యాలా?

ఈ ప్రశ్నకి నేను మెత్తగా జవాబు చెప్పలేను. ఫిట్స్ ఉన్నవాళ్లకి నీళ్లలో మునిగి చనిపోయే ప్రమాదం మిగతావాళ్ల కంటే చాలా రెట్లు ఎక్కువ. మనకేమో ఇంటి ముందు కాలవ, వెనక చెరువు, ఊరి చివర గోదావరి. ఫిట్స్ పూర్తిగా ఆగి, డాక్టర్ సరే అనేవరకు మేత పడవ ఎక్కకూడదు, రాత్రిపూట ఒంటరిగా ఏరేటర్లు చూడడానికి గట్టు మీదికి వెళ్లకూడదు, కాలవ గట్టు మీద బైక్ నడపకూడదు, రేవులో ఒక్కడే స్నానం చెయ్యకూడదు. ముందు సూచన వస్తుంది కదా అనే ధైర్యం వద్దు. సూచన నుంచి స్పృహ తప్పడానికి ఒకరోజు ఇరవై సెకన్లుంటే ఇంకోరోజు రెండే ఉండొచ్చు. మేత లెక్కలు, షెడ్డు పని, తూకం లాంటివి ఇవ్వమని యజమానిని అడగండి. నీళ్లలో ఉండగా వస్తే తల నీటిపైన పట్టుకుని, ఆగాక బయటికి తెచ్చి, బాగానే ఉన్నా ఆస్పత్రికి తీసుకెళ్లండి.

సంక్రాంతి తర్వాత ఎక్కువయ్యాయి. దిష్టా?

నిద్ర. మూడు రోజులు బరుల దగ్గర, తీర్థాల్లో జాగారం, దానికి తాగుడు తోడు, మాత్ర మర్చిపోవడం. నిద్రలేని మెదడు ఫిట్స్ పాకడాన్ని సరిగ్గా ఎదిరించలేదు. పండగకి వెళ్లండి, ప్రభల తీర్థం చూడండి, రాత్రికి ఇంటికొచ్చి మాత్ర వేసుకుని పడుకోండి.

పెళ్లి సంగతి?

మూర్ఛ ఉన్నందువల్ల హిందూ వివాహ చట్టం కింద పెళ్లి చెల్లదనే నిబంధనని 1999లో తీసేశారు. దాచకుండా చెప్పి చేసుకోండి. అమ్మాయి వాల్‌ప్రోయేట్ అనే ఫిట్స్ మందు వాడుతుంటే, పిల్లల గురించి ఆలోచించడానికి చాలా ముందే డాక్టర్‌తో మాట్లాడాలి. అది కడుపులో బిడ్డకి హాని చెయ్యగలదు. అలాగని హఠాత్తుగా మానకూడదు.

ఈఈజీ నార్మల్ అని వచ్చింది. మరి ఫిట్స్ లేనట్టేనా?

లేనట్టు కాదు. మొదటిసారి తీసినప్పుడు దాదాపు సగం మందిలో ఏమీ కనిపించదు. పుర్రె బయటి నుంచి మాకు గీతలో కనిపించాలంటే పైపొరలో కనీసం 6 నుంచి 10 చదరపు సెంటీమీటర్ల మేర ఒకేసారి కదలాలి. టెంపోరల్ లోబ్ లోపల లోతుగా ఉన్న హిప్పోకాంపస్ అనే భాగంలో చిన్నది నడుస్తుంటే పైన ప్రశాంతంగానే ఉంటుంది. నిద్రలో తీసినా, ఇంకోసారి తీసినా దొరికే అవకాశం పెరుగుతుంది.

ఆపరేషన్ అంటే భయం. పాకే దారిని కోసేస్తారా, మొదలైన చోటునా?

వీలైతే మొదలైన చోటునే తీసేస్తారు. అది ఎక్కడుందో ఖాయంగా తెలియాలి, దాన్ని తీస్తే మాట, కదలిక పోకూడదు. పైనుంచి తేలకపోతే సన్నని ఎలక్ట్రోడ్లని పుర్రెలోంచి లోపలికి పంపి, ఫిట్స్ ఏ వరసలో ఎక్కడెక్కడికి వెళ్తున్నాయో చూస్తారు. పారిస్‌లో బాంకో, తలైరాక్ అనే ఇద్దరు డాక్టర్లు 1950ల చివర నుంచి అభివృద్ధి చేసిన పద్ధతి ఇది. కెనడాలో టెంపోరల్ లోబ్ ఫిట్స్ ఉన్న 80 మందితో చేసి 2001లో ప్రచురించిన పరీక్షలో, ఏడాది తర్వాత ఆపరేషన్‌కి కేటాయించినవాళ్లలో 58 శాతం మందికి స్పృహ తప్పే ఫిట్స్ ఆగిపోయాయి. మందులు మాత్రమే వాడినవాళ్లలో 8 శాతానికే.

మొదలు తీయడానికి వీల్లేక, పిల్లలు ఉన్నట్టుండి కుప్పకూలి ముఖం పగలగొట్టుకుంటుంటే, దారినే కోస్తారు. అమెరికాలో విలియం వాన్ వాగెనెన్ 1940లో కార్పస్ కలోసమ్‌ని కోసిన ఫలితాలు ప్రచురించాడు. గడ్డవల్ల ఆ భాగం దెబ్బతిన్న పేషెంట్లకి ఫిట్స్ తగ్గడం గమనించి ఆయనకా ఆలోచన వచ్చింది. ఫిట్స్ పుట్టడం దీంతో ఆగదు, రెండు వైపులకీ పాకి పడేయడం తగ్గుతుంది. మన దగ్గరి నుంచి వెళ్లగలిగినవాటిలో హైదరాబాద్ నిమ్స్, బెంగళూరు నిమ్హాన్స్, తిరువనంతపురం శ్రీచిత్రలో మూర్ఛ ఆపరేషన్లు చేస్తారు.

మీ దగ్గరికి వచ్చేటప్పుడు ఏం తేవాలి? ఇంట్లో ఏం గమనించాలి?

ఫోన్లో వీడియో తియ్యండి. మనిషిని పక్కకి తిప్పాక, ఇంకొకరు తియ్యాలి. ముఖం ఒక్కటే కాదు, రెండు చేతులూ కనిపించాలి. మధ్యలో పేరుపెట్టి పిలవండి, పలికారో లేదో వీడియోలో తెలుస్తుంది. ముందు ఏ వేలు, ఏ వైపు మూతి, తల ఎటు తిరిగింది, ఏ చెయ్యి బిగుసుకుంది, ఆగాక మాట ఎంతసేపటికి వచ్చింది, ఇవన్నీ ఒక కాగితం మీద రాయండి. మరిచిపోయింది ఊహించి చెప్పొద్దు, చూడలేదంటే చూడలేదనే చెప్పండి. పాత ఈఈజీ, స్కాన్ ఫిల్ములు, వాడుతున్న మాత్రల అట్టలు తెండి. మాత్ర మానేసి రావద్దు.

ముందురోజు తలంటుకుని, ఆరాక నూనె రాయకుండా రండి. కొబ్బరినూనె ఉంటే ఎలక్ట్రోడ్ పేస్టు పట్టదు, పిల్లల తల మళ్లీ మళ్లీ రుద్దాల్సి వస్తుంది, వాళ్లు ఏడుస్తారు. చంటిపిల్లలైతే పాలసీసా, వాళ్లకి అలవాటైన దుప్పటి తెండి. నిద్రలో తియ్యమని రాసుంటే వచ్చే దారిలో బస్సులో పడుకోనివ్వకండి.